రేవుకి లైన్ క్లియర్

గంట మోగింది. వదిన నీళ్ల గ్లాసు అందుకుంది. మళ్లీ మోగింది. గుక్కగుక్కగా తాగి, గ్లాసు బోర్లించి, జుట్టు ముడి విప్పి తీరుబడిగా మళ్లీ వేసుకుంది. ఇంకోసారి మోగాక గానీ ఫోను ఎత్తలేదు.

"రేవు స్టేషన్."

"దీపం స్టేషన్. ప్యాసింజర్‌కి లైన్ క్లియర్ ఇస్తారా?"

"ఇస్తున్నాను."

రెండు వైపులా ఫోన్లు ఠకీమని పడ్డాయి. ఎవరు ముందు పెట్టారో చెప్పడం ఎవరి తరమూ కాదు. తామే ముందు పెట్టామని ఇద్దరూ అనుకున్నారు, ఆ పూటకి ఇద్దరికీ అదే తృప్తి.

వదిన అంటే ఎవరికి వదిన అని అడుగుతారేమో. ఫోన్లో ఆ అవతలి గొంతుకే. రేవు స్టేషన్‌కి మాస్టర్ ఈవిడ. దీపస్తంభం దగ్గరున్న స్టేషన్‌కి మాస్టర్ ఈవిడ మొగుడి చెల్లెలు. మధ్యలో సముద్రంలోకి మూతి పెట్టిన కొండ, కొండ పొట్టలో సొరంగం, సొరంగంలో ఒకే ఒక్క జత పట్టాలు. అందుచేత అటునుంచి బండి బయల్దేరాలంటే ఇటువాళ్లు ఒప్పుకోవాలి, ఇటునుంచి వెళ్లాలంటే అటువాళ్లు. ఒప్పుకోవడమంటే గంట విని, ఫోను ఎత్తి, లైన్ క్లియర్ అని చెప్పి, బల్ల మీదున్న ఎర్ర పెట్టెకి మర తిప్పడం. ఇక్కడ ఆ మర తిరగందే అక్కడ సిగ్నల్ పడదు, బండి అంగుళం కదలదు. వదినా ఆడపడుచులు పగ సాధించుకోవడానికి ఇంతకన్నా వీలైన ఉద్యోగం వెతికినా దొరకదు.

చిత్రమేమిటంటే, ఆ పిల్లకి పని నేర్పింది వదినే. పెళ్లై ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆడపడుచు చదువైపోయి గోళ్లు గిల్లుకుంటూ కూర్చునుంది. పక్కన కూర్చోబెట్టుకుని రూల్సు బట్టీ పట్టించింది, పరీక్షకి వెంటబెట్టుకుని వెళ్లింది. "ప్రతి బండికీ ఆఖరి పెట్టె వెనక ఎర్ర బోర్డు ఉందో లేదో కళ్లారా చూడు. బోర్డు లేదంటే దారిలో పెట్టెలు తెగిపోయి ఆగాయేమోనని అనుమానించాలి" అని చెప్పిందీ తనే. తర్వాత ఒకనాడు జోరువానలో తనే చూడలేదు. రేవు దాటిన సరుకుల బండికి వెనక బోర్డు లేదు. దీపం స్టేషన్లో ఆడపడుచు చూసింది.

వదిన ఫోన్ చేసి బతిమాలింది. "అమ్మాయ్, బోర్డు ఎక్కడో ఊడిపడి ఉంటుంది. పెట్టెలన్నీ ఉన్నాయిగా, నువ్వే చూశావుగా. రిపోర్టు పైకి పంపకు, నీ పుణ్యం ఉంటుంది" అంది.

ఆడపడుచు ఒక్క మాట అంది. "డ్యూటీలో వదినలు లేరు."

రిపోర్టు వెళ్లింది. చేతికందబోతున్న ప్రమోషన్ కాస్తా జారిపోయింది. నిన్నగాక మొన్న చేరినవాళ్లతో కలిసి వదిన మళ్లీ ట్రైనింగు బల్ల మీద కూర్చోవలసొచ్చింది. తల కొట్టేసినట్టయింది. న్యాయంగా చూస్తే ఆడపడుచుది తప్పు కాదు, ఆ సంగతి వదినకీ తెలుసు. తెలుసు గనకే ఒళ్లు మరింత మండింది. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా రూల్సు పుస్తకంలో లేని మాట ఒక్కటి దొర్లలేదు. 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. మర్యాద పెరిగిందని ఎవరూ పొరబడలేదు.

అలా మూతులు ముడుచుకునే రిటైరయ్యేవారేమో గానీ, ఈలోగా తీరానికి అభివృద్ధి వచ్చిపడింది. ఈ లైన్ మొదట వేసింది ఉప్పుకీ చేపలకీ. తర్వాత ఐసు, ఆ తర్వాత మనుషులు. ప్రతి స్టేషన్లోనూ ఆగుతూ, ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే చూసి ఇంకాస్త ఆగుతూ, బండి తన మానాన తను తిరుగుతూ ఉండేది. ఇప్పుడు రెండో లైనట, కరెంటు తీగలట, వేగం బళ్లట. కంకర బళ్లొచ్చి ప్లాట్‌ఫామ్ పక్కనే గుట్టలు పోసిపోయాయి. ఆ దుమ్ముకి వదిన బల్ల ఎన్నిసార్లు తుడిచినా బూడిద చల్లినట్టే ఉండేది. బండి వేగం పెంచాలంటే ఏం చెయ్యాలో తెలుసా? ఆగడం మానెయ్యాలి. ఈ పాటి కిటుక్కి అంతమంది ఆఫీసర్లెందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఒక పొడుగాటి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఇద్దరు మాస్టర్లనీ రేవు స్టేషన్ గదికి పిలిపించాడు. ఖాళీగా ఉన్నది ఒక్క కుర్చీయే. ఇద్దరూ కూర్చోలేదు.

"కొండకి ఇటొకటి అటొకటి రెండు స్టేషన్లు అక్కర్లేదు. వేగం బండి ఒక్కచోటే ఆగుతుంది. రెండోది మూసేస్తాం" అన్నాడాయన. "ఏది ఉంచాలో ఈ సీజన్లో పని చూసి తేలుస్తాం. ఎవరి స్టేషన్లో బళ్లు ఎక్కువ ఆలస్యమవుతాయో చూస్తాం."

అంతవరకూ కిటికీలోంచి సముద్రాన్ని చూస్తున్న ఇద్దరూ అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొలుచుకున్నారంటే సరిగ్గా సరిపోతుంది.

వదిన లోపల లెక్క వేసుకుంది. రేవు మూసేస్తే తనని ఎక్కడో లోపలి జంక్షన్‌కి తోసేస్తారు. మొగుడు మెకానిక్. స్టేషన్ వెనక సందులో, పడవలు ఒడ్డుకి లాగేచోటే అతని షెడ్డు. నడుస్తున్న ఇంజన్ మీద కుడిచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నాడంటే దాని రోగం చెప్పేస్తాడు. అంత మనిషిని సముద్రం లేనిచోటికి తీసుకెళ్లి ఏం చెయ్యమంటుంది? తను అక్కడా అతనిక్కడా ఉండి పండక్కో పబ్బానికో మొహాలు చూసుకోవాలా? వదినకి కావలసింది ఒక్కటే. రేవులో బండి ఆగాలి, షెడ్డు నిలవాలి. దీపం స్టేషన్ ఏ గంగలో కలిస్తే తనకేం?

మొదట చెప్పిన నీళ్ల గ్లాసు ఆ మర్నాటి నుంచే మొదలైంది.

గంట మోగితే వదినకి దాహం వేసేది. దాహం తీరితే బల్ల మీద దుమ్ము కనిపించేది. ఈలోగా అవతల ప్యాసింజర్ దీపం ప్లాట్‌ఫామ్ మీదే ఈసురోమని నిలబడేది. ఆలస్యం దీపం ఖాతాలో పడేది. ఆడపడుచేమన్నా తక్కువ తిందా? రేవునుంచి ఐసు బండి బయల్దేరే వేళకి ఆవిడకీ అన్ని పనులూ ఒక్కసారే గుర్తొచ్చేవి. ఐసు కరిగి ప్లాట్‌ఫామ్ మీంచి ధారకట్టేది. ఐసు ఫ్యాక్టరీవాడు గుండెలు బాదుకునేవాడు.

"అమ్మా, గంట మోగుతోంది" అనేవాడు జెండా మావయ్య. పట్టాలు మార్చడం, జెండా పట్టుకోవడం ఆయన పని. అందరూ ఆయన్ని పిలిచేది అలాగే.

"నాకూ చెవులున్నాయి మావయ్యా."

"నా చెవులకి వినపడుతోంటే మీకు వినపడదా అని కాదు..."

"మరింకేం? వెళ్లి జెండా చూసుకో."

రోజూ ప్యాసింజర్‌కే వచ్చే టీచరమ్మ ఒకావిడ ఉండబట్టలేక కౌంటర్ దగ్గరికొచ్చి నిలదీసింది. "మీ ఇంటి గొడవలకి మా బడి పిల్లలు ఎండలో ఎదురుచూడాలా అండీ?"

"ఏ ఇల్లు? ఏం గొడవ? ఎవరన్నారు?" అని ఒంటికాలి మీద లేచింది వదిన.

ఎవరనాలి? తీరం తీరమంతా కోడై కూస్తోంది.

ఇంట్లో మెకానిక్ సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు. ఎంత రుద్దినా వేళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు.

"ఏవండీ, ఇవాళ మీ చెల్లెలు నా ఐసు బండిని ఎంతసేపు నిలబెట్టిందో తెలుసా?"

"నువ్వు దాని బండిని నిలబెట్టలేదూ?"

"నేను నిలబెట్టింది వేరు."

"వేరెలా అయిందే?"

"మొదలెట్టింది తను."

"అదీ అచ్చం అదే మాటంది."

"ఓహో! అయితే అక్కడికీ వెళ్లొస్తున్నారన్నమాట."

"తోడబుట్టిన పిల్లే, వెళ్లకపోతే ఎలా?" తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "మీ ఇద్దరి మధ్యా నలిగి చస్తున్నాను. ఒక్కసారి 'అమ్మాయ్' అని పిలువు. ఇట్టే కరిగిపోతుంది."

"తననే ముందు 'వదినా' అని పిలవమనండి. అప్పుడు చూద్దాం."

అతను ఆ మాట మోసుకెళ్లి చెల్లెలి చెవిన వేశాడు. వేశాడని వదినకి తెలుసు. అప్పట్నుంచీ గంట మోగినప్పుడల్లా, ఎత్తగానే ఆ పిలుపు వస్తుందేమోనని చెవి నిక్కించేది. రాలేదు. రానికొద్దీ పట్టుదల బిగిసింది.

సీజన్ ఆఖరికొచ్చింది. ఎవరి ఆలస్యాలు ఎక్కువో ఎవరికీ అంతు చిక్కలేదు. ఇన్‌స్పెక్టర్ ఇంకో రెండు మూడు రోజుల్లో వస్తాడన్నారు. ఆ మధ్యాహ్నం సముద్రం పోటు మీదుంది, అలలు కట్టకి కొట్టుకుని తుంపర కిటికీ అద్దాల దాకా వస్తోంది. గంట మోగింది. గంటకీ గంటకీ మధ్య విరామం లేకుండా మోగింది. వదిన నీళ్లు తాగింది. దుమ్ము తుడిచింది. ఎత్తింది.

"రేవు స్టేషన్."

"వదినా..."

వదిన వెన్ను నిటారుగా లేచింది. ఇన్నాళ్లూ రాని పిలుపు ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందొచ్చింది! ఓడిపోతున్నానని తెలిశాక వదిన గుర్తొచ్చింది కాబోలు. లోపల ఎన్నాళ్లనుంచో కుతకుతలాడుతున్న మాట నోటి చివరికి దానంతటదే వచ్చేసింది.

"డ్యూటీలో వదినలు లేరు. రూలు ప్రకారం అడగండి."

అవతలి గొంతు మారింది. రాయిలా ఉంది.

"దీపం స్టేషన్. ప్యాసింజర్‌కి లైన్ క్లియర్ ఇస్తారా?"

"ఆగండి. ఇక్కడ పెట్టెలు మారుస్తున్నాం."

జెండా మావయ్య గుమ్మంలోంచి తొంగిచూశాడు. "పెట్టెలా? లైన్ మీద కాకి కూడా లేదు కదమ్మా."

వదిన కుర్చీలో వెనక్కి వాలింది. కడుపు నిండా భోంచేసినట్టుంది. గంట మళ్లీ మోగింది, ఎత్తి "ఇంకా అవలేదు" అని పెట్టేసింది. మళ్లీ మోగింది. కిటికీ అద్దం మీద ఉప్పు మరకలు కనిపించాయి, లేచి అవి తుడిచింది. ఇక బాగోదనిపించాక, మర తిప్పింది.

బండి సొరంగంలోంచి వచ్చింది. పూర్తిగా ఆగకముందే గార్డు కిందకి దూకి "స్ట్రెచర్! స్ట్రెచర్!" అని కేకపెట్టాడు. వదిన బయటికి వచ్చింది. ఎవరో పాపం అనుకుంది. గార్డు పెట్టెలోంచి దింపుతున్న మనిషి చొక్కా గుర్తుపట్టింది. పొద్దున తనే ఇస్త్రీ చేసింది. షెడ్డులో ఉన్నాడనుకుంది. చెల్లెలున్న చోటికి వెళ్తున్నానంటే రాద్ధాంతం చేస్తుందని, చెప్పకుండా వెళ్లాడు. అక్కడ పడవలు లాగే గొలుసు యంత్రం బాగుచేస్తుంటే గొలుసు కదిలింది. కుడిచెయ్యి గొలుసు కింద పడి నలిగింది. చేతికి కట్టు కట్టింది ఆడపడుచే. కట్టిన గుడ్డ ఆవిడ యూనిఫారం కోటే, ఎర్రగా తడిసిపోయి ఉంది. అన్ని సదుపాయాలున్న ఆసుపత్రి రేవులోనే ఉంది మరి.

"ఎంతసేపే... ఎంతసేపు ఆగిపోయిందో బండి..." అన్నాడతను. ఎవరినీ నిందించడం లేదు. బండి గురించి చెప్తున్నాడంతే.

మూడు వేళ్లు తీసేశారు. మిగిలిన రెండూ వంగవన్నారు. వదిన డాక్టర్ వెంటపడి అడిగింది, "ఇంకాస్త ముందొస్తే దక్కేవా?" అని.

ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. "ముందొస్తే బాగుండేదని ప్రతివాళ్లకీ అంటామమ్మా. ఇప్పుడనుకుని ఏం లాభం?" అన్నాడు.

తర్వాతి బండికి ఆడపడుచు వచ్చింది. మంచానికి అటుపక్క కూర్చుంది. అతను నిద్రపోయాక ఇద్దరూ వరండాలోకి వచ్చారు. వదినే ముందు విరుచుకుపడింది.

"అన్నయ్యకి దెబ్బ తగిలిందని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా నీకు?"

"చెప్పడానికే వదినా అన్నాను. నువ్వేమన్నావ్?"

"నేనేదో అన్నాను. మళ్లీ చెప్పొచ్చుగా!"

"చెప్పొచ్చు." ఆడపడుచు గొంతు పెంచలేదు. "రూలు ప్రకారం అడగమన్నావ్. నాకు ఒళ్లు మండింది. సరే, ఎంతసేపు ఆపుతావో చూద్దామనుకున్నాను. నా కోపానికి నేను ఒక మాట మింగాను. నీ కోపానికి నువ్వు బండి ఆపావు. ఇద్దరం కలిసి అన్నయ్య చెయ్యి తినేశాం."

వదినకి ఏడుపొచ్చింది. ఆవిడ ఎదురుగా మాత్రం ఏడవలేదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మళ్లీ అదే గది, అదే ఖాళీ కుర్చీ. గోడవార జెండా మావయ్య తన కాళ్లవంక తనే చూసుకుంటున్నాడు.

"గాయపడ్డ మనిషి ఉన్న బండి దీపంలో అంతసేపు ఎందుకు ఆగిపోయింది?"

ఇక అయిపోయింది అనుకుంది వదిన. బోర్డు ఊడినందుకే రిపోర్టు పంపిన మనిషి, దీన్ని వదులుతుందా? ఆడపడుచు ఇన్‌స్పెక్టర్ మొహంలోకి సూటిగా చూసింది.

"నేనే ఆలస్యంగా అడిగాను సార్. అన్నయ్య రక్తం చూసి చేతులాడలేదు. గంట కొట్టడం మర్చిపోయాను."

"మీరా? మీ అంత రూల్సు మనిషి ఈ లైన్ మీద ఇంకొకరు లేరంటారే!"

"మర్చిపోయాను సార్."

ఇన్‌స్పెక్టర్ వదినవైపు తిరిగాడు. "అడగ్గానే ఇచ్చారా మీరు?"

వదిన నోరు తెరిచింది. నిజం గొంతుదాకా వచ్చింది. రేవు ప్లాట్‌ఫామూ, లోపలి జంక్షనూ, మంచం మీద కట్టుతో ఉన్న చెయ్యీ గిర్రున కళ్లముందు తిరిగాయి. తల ఊపింది. స్టాపు తనదేనని ఆ క్షణానే తెలిసిపోయింది. దాచడమెందుకు, లోపల సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని చూసుకుని తనమీద తనకే రోత పుట్టింది.

బయట కంకర గుట్ట పక్కన ఆడపడుచుని ఆపింది. "ఎందుకలా చెప్పావ్?"

"నీ కోసమని మురిసిపోకు. అన్నయ్య ఇక ఇంజన్ విప్పలేడు. మీ ఇంటికి మిగిలింది నీ జీతం ఒక్కటే. అదీ ఊడితే ఆయనేం తింటాడు?"

"నేను లోపలికెళ్లి నిజం చెప్పేస్తాను."

"చెప్పు. ఇన్‌స్పెక్టర్ ఇంకా లోపలే ఉన్నాడు. వెళ్లు."

వదిన కాళ్లు కదల్లేదు. ఆడపడుచు తొందరపెట్టకుండా, ఎదురుచూసి, పైనుంచి కిందదాకా ఒకసారి చూసింది.

"అనుకున్నాను" అని ప్లాట్‌ఫామ్ అటు చివరికి నడిచి వెళ్లిపోయింది.

వేగం బండికి రేవులో స్టాపు ఇచ్చారు. కొత్త పలకలు, కొత్త బెంచీలు, గాజు కౌంటర్ వచ్చాయి. అందరూ వచ్చి అభినందించారు. ఐసు ఫ్యాక్టరీవాడైతే చేతులు పట్టుకుని "మన రేవుని నిలబెట్టారు మాస్టరమ్మా" అన్నాడు. ఏ షెడ్డు నిలవాలని బళ్లు ఆపిందో, స్టేషన్ వెనక సందులో ఆ షెడ్డుకి తాళం పడింది. మెకానిక్ సాయంత్రాలు వచ్చి కొత్త బెంచీ మీద కూర్చుని, ఎవరి పడవ ఇంజన్ శబ్దం ఎక్కడ తేడాగా ఉందో వింటూ ఉండేవాడు.

దీపం స్టేషన్ మూసే రోజు వచ్చింది. అక్కడ ఆగే ఆఖరి ప్యాసింజర్ అది. గంట మోగింది. మొదటి మోతకే వదిన ఎత్తింది. "అమ్మాయ్" అని పిలవాలని పొద్దుట్నుంచీ నోట్లో ఆ మాట పెట్టుకుని కూర్చుంది.

"దీపం స్టేషన్. ప్యాసింజర్‌కి లైన్ క్లియర్ ఇస్తారా?"

ఎవరో మగవాడి గొంతు. తాళాలు పుచ్చుకోవడానికి వచ్చిన మనిషి.

"ఇస్తున్నాను" అంది వదిన, మర తిప్పింది.

బండి వచ్చి ఆగింది. ఆఖరి పెట్టె కిటికీ దగ్గర ఆడపడుచు కూర్చునుంది, పక్కన పెట్టే బేడా. లోపలి జంక్షన్‌కి వెళ్లిపోతోంది. మెకానిక్ బెంచీ మీంచి లేచి గబగబా వెళ్లి కిటికీ పట్టుకున్నాడు. ఆడపడుచు అతని కుడిచేతిని రెండు చేతులతో తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అన్నాచెల్లెళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు. అతను నవ్వాడు. దెబ్బ తగిలాక ఇంట్లో అలా నవ్వింది లేదు.

జెండా మావయ్య ఆ వేళ సెలవు. పచ్చజెండా వదిన చేతిలోనే ఉంది. బండి బయల్దేరే వేళైంది. వదిన జెండా ఎత్తలేదు. ఆపడం తనకి బాగా తెలిసిన పనే. ఈసారి వాళ్ల కోసం ఆపుతోంది. ఇంకాసేపు మాట్లాడుకోనీ, తను ఎంతసేపైనా నిలబడగలదు. డ్రైవర్ ఒకసారి కూత పెట్టాడు. వదిన కదల్లేదు.

ఆడపడుచు అన్నయ్య చెయ్యి మెల్లిగా వదిలింది. తల తిప్పి జెండా వైపు చూసింది.

"బండి ఆలస్యమవుతోందండీ. జెండా చూపించండి" అంది.

వదిన జెండా ఎత్తింది.